పిస్తోలు సరే, పిడి మాటేమిటి?

"తప్పు పెల్లెట్లదే" అని తేల్చేశాడు మా బావ.

అంతకు ముందు తప్పు వెలుతురుది. ఇంకాస్త ముందు, పక్క లేన్‌లో నిలబడ్డ కుర్రాడిది. వాడు ఊపిరి గట్టిగా వదులుతున్నాడట. కొత్త ఎయిర్ పిస్తోలు పట్టుకుని షూటింగ్ రేంజ్‌కి వచ్చిన మొదటి రోజున, నేరం మోపడానికి చుట్టుపక్కల ఏమేం దొరుకుతాయో అన్నిటి మీదా వరసగా మోపేశాడు గానీ, చేతిలో ఉన్న పిస్తోలును మాత్రం పల్లెత్తు మాట అనలేదు. కొత్తల్లుడికి మొదటి రోజే వంక పెట్టేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా?

10 మీటర్ల ఎయిర్ పిస్తోలు పైకి చాలా తేలిగ్గా కనిపించే ఆట. పెద్ద చప్పుడుండదు, పొగ రాదు, భుజం అదరదు. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ అనే చిన్న గుండు టప్పున వెళ్ళి కాగితానికి గుండ్రటి చిల్లు పెడుతుంది, అంతే. కాకపోతే పది పాయింట్లిచ్చే వలయం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు. పైగా పిస్తోలు ఒంటిచేత్తోనే పట్టుకోవాలి. రెండో చేతికి పనేమీ లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తుర్కియే షూటర్ యూసుఫ్ డికెచ్ ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడి మిక్స్‌డ్ టీమ్ రజతం పట్టుకుపోయాడు చూడండి, అప్పట్నుంచీ మా బావకి జేబు మీద గురి కుదిరింది. నిజానికి అలా జేబులోనో బెల్టులోనో చెయ్యి దోపుకోవడం చాలామంది పిస్తోలు షూటర్లు చేసేదే, ఒళ్ళు ఊగకుండా. మా బావ ఆ జేబులో తాళంచెవుల గుత్తి కూడా ఉంచుకున్నాడు. గురి చూసిన ప్రతిసారీ రేంజ్ అంతా గలగల.

ఇక ట్రిగ్గర్. అది కనీసం 500 గ్రాముల బరువు పడితేనే కదలాలని నిబంధన. అర కిలో అంటే చాలా ఎక్కువనుకున్నాడో ఏమో, బావ పళ్ళు బిగించి మరీ నొక్కాడు. మామూలుగా ఈ ట్రిగ్గర్‌కి రెండు దశలుంటాయి. మొదటిది వదులుగా జారి ఒకచోట ఆగుతుంది. అక్కడ నిలిచి, గురి సర్దుకుని, ఆ తర్వాత మెత్తగా రెండోది నొక్కాలి. బావకి ఆ మధ్యలో స్టేషన్ ఉందనే తెలియలేదు. టప్ మంది.

"ఎవరు కాల్చారు?" అన్నాడు అటూ ఇటూ చూస్తూ.

ఆయనే. చిల్లు మాత్రం పక్క కుర్రాడి టార్గెట్ మీద పడింది. పోటీలో అయితే ఇలా పరాయి టార్గెట్‌ని కొట్టినవాడికి సున్నా. రెండు చిల్లుల్లో తనదేదో తేలకపోతే ఆ పక్కవాడికి ఎక్కువ పాయింట్లున్నదే ఇస్తారు. ఆ లెక్కన కుర్రాడు బావకి ఒక నమస్కారం బాకీ. ఊపిరి వదిలినందుకు పడ్డ తిట్లకీ దీనికీ చెల్లు.

కోచ్ మాష్టారు ఇదంతా దూరం నుంచి చూస్తూనే ఉన్నారు. తీరిగ్గా వచ్చి, పిస్తోలు ఖాళీగా ఉందని తేల్చుకుని, "కళ్ళు మూసుకుని పట్టుకోండి. చెయ్యి ఎత్తండి. ఇప్పుడు కళ్ళు తెరవండి. ముందు సైటు ఎక్కడుంది?" అన్నారు.

సైట్లంటే గురి చూసుకోవడానికి పిస్తోలు మీద ముందొకటీ వెనకొకటీ ఉండే గుర్తులు. ముందుది, వెనకదాని గాడి మధ్యలో కనబడాలి. బావకి గాడి ఎడమ గోడకి ఆనుకుని కనబడింది. ఇందాకటి నుంచీ ఆయన చేస్తున్నదల్లా మణికట్టు మెలితిప్పి దాన్ని మధ్యకి లాక్కురావడమే. కాస్త అలసట రాగానే మణికట్టు తన దారిన తాను పోతుంది, పెల్లెట్ దాని వెంట పోతుంది. రెండు సైట్ల మధ్య దూరం ముప్ఫై మూడు సెంటీమీటర్లనుకుంటే, ముందుది గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగినా 10 మీటర్ల దగ్గర అది మూడు సెంటీమీటర్లవుతుంది. పదికి తగలాల్సింది ఏడుకో ఆరుకో తగులుతుంది.

"పెల్లెట్లు మంచివే" అన్నారు మాష్టారు. "గ్రిప్పు మీ చేతిది కాదు."

గ్రిప్పులు, అంటే పిస్తోలుకుండే చెక్క పిడులు, సాధారణంగా చిన్న, మధ్య, పెద్ద అంటూ సైజుల్లో వస్తాయి. మా బావ అరచెయ్యి పెద్ద సైజు, వేళ్ళు చిన్న సైజు. అలాంటి మనిషి కోసం ఏ ఫ్యాక్టరీలోనూ అచ్చు ఉండదు. అందుకే ఈ ఆటలో కొన్నాళ్ళు గడిపినవాళ్ళ గ్రిప్పులు చూస్తే ఒకచోట ఆకురాయితో గీకి, మరోచోట పుట్టీ మెత్తి, వికారంగా ఉంటాయి. అందంగా నిగనిగలాడే గ్రిప్పు కనబడితే, అది కొత్తదన్నా అయుండాలి, దాని యజమాని బద్ధకస్తుడన్నా అయుండాలి. నేను ఇప్పటిదాకా చూసినంతలో ఇది తప్పలేదు.

అరచెయ్యికీ చెక్కకీ మధ్య ఖాళీ ఉన్నచోట పల్చగా పుట్టీ పెట్టమన్నారు మాష్టారు. చూపుడువేలు చెక్కకి తగలకుండా విడిగా ఉండాలి, బిగువంతా మధ్యవేలూ ఉంగరపు వేలూ వెనక్కి సూటిగా లాగడంలోనే ఉండాలి, బొటనవేలు ఊరికే ఆని ఉంటే చాలు అన్నారు. "కొంచెం పెట్టండి. ఆరనివ్వండి. కొన్నాళ్ళు పెల్లెట్ లేకుండా డ్రై ఫైర్ చేసి చూసుకుని, అప్పుడు ఇంకొంచెం" అని మరీ మరీ చెప్పారు. కొంచెం అనే మాట మా బావ చెవికి ఎక్కదు.

ఇంటికొచ్చి మర విప్పి గ్రిప్పు ఊడదీశాడు. పిస్తోలు పెట్టెలోకి, చెక్క బల్ల మీదికి. రెండు ముద్దలు కలిపి పిసికితే గట్టిపడే ఎపాక్సీ పుట్టీ తెచ్చి, ఉన్నదంతా కలిపేశాడు. ఆయన పక్షాన ఒకమాట చెప్పాలి. చేతికి పెట్రోలియం జెల్లీ రాసుకున్నాడు. దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం కూడా చుట్టుకున్నాడు. ఉంగరం తీయమని మాత్రం మాష్టారు చెప్పలేదు. అంతదాకా చెప్పాలని ఆయనకి తోచి ఉండదు.

గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఉంగరం రాయి కాగితాన్ని చించుకుని పుట్టీలోకి దిగింది. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. "వెచ్చగా హాయిగా ఉందిరా" అన్నాడు.

ఆ హాయిలో ఉండగా ఆఫీసు నుంచి వీడియో కాల్. ఎడమ చేత్తో అందుకుని, అలవాటుకొద్దీ కుడి చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టాడు. తెర మీద అవతలివాళ్ళంతా ఒక్కసారి కుర్చీల్లో వెనక్కి జరిగారు.

"అయ్యో, చేతికేమైందండీ?"

"ఏం లేదు సార్, చెక్క."

ఫోను పెట్టేశాక చూసుకుంటే వేళ్ళు కదలడం లేదు. చెయ్యి మొత్తం జెల్లీలో జారుతోంది గానీ, ఉంగరం దగ్గర మాత్రం పుట్టీ కింద నుంచీ పై నుంచీ పట్టేసి తాళం వేసింది. ధైర్యం చెప్పడం నా వంతు కనుక కారొయ్ టకాచ్ కథ ఎత్తుకున్నాను. హంగేరీ సైనికుడు. 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి దెబ్బతింటే, ఎడమచేత్తో నేర్చుకుని 1948లోనూ 1952లోనూ ఒలింపిక్స్ ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు స్వర్ణాలు గెలిచాడు.

"గ్రెనేడ్ అయితే చెప్పుకోవడానికైనా బాగుంటుందిరా" అన్నాడు బావ దిగులుగా. "పుట్టీ అని ఎవరితో చెప్పుకోను?"

అక్క వచ్చి చూసింది. ఏమీ అడగలేదు. నూనె తెచ్చి మణికట్టు దగ్గర సందులో పోసి, "ఏవండీ, వేళ్ళు బిగపట్టకుండా వదలండి. చెయ్యి మీది కాదనుకోండి" అంది. మాష్టారు ఎంత మొత్తుకున్నా నేర్పలేకపోయిన సడలింపు అక్క గొంతు వినగానే వచ్చేసింది. చెయ్యి సర్రున ఊడి బయటపడింది.

ఉంగరం పడలేదు.

తర్వాతి గంట గురించి క్లుప్తంగా చెబుతాను. బావ ఆకురాయి పట్టుకున్నాడు. అక్క "ఉంగరానికి గీత పడిందో!" అంది. "గ్రిప్పుకి గీత పడితే?" అన్నాడు బావ, ఆ క్షణంలో అనకూడని మాట. చివరికి చాకుమొనతో ఉంగరాన్ని పెకలించింది నేనే. ఉంగరం అక్క చేతికి, గ్రిప్పు బావ చేతికి, చీవాట్లు ఎవరి వాటా వాళ్ళకి వచ్చాయి.

పుట్టీ ఎక్కువవడంతో ఇంకో తంటా వచ్చిపడింది. పోటీ పిస్తోలు 1,500 గ్రాములు దాటకూడదు, 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. మాష్టారి దగ్గరున్న పెట్టెలో పెడితే బావ గ్రిప్పు పొట్ట బయటికి ఉబికింది. సాండ్‌పేపర్‌తో అరగదీశాడు, తుమ్మాడు, మళ్ళీ అరగదీశాడు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఈసారి కళ్ళు మూసుకుని చెయ్యెత్తి తెరిస్తే, ముందు సైటు గాడి మధ్యలో బుద్ధిగా కూర్చుని ఉంది. పెల్లెట్లన్నీ ఒకచోట గుమిగూడాయి. పక్క కుర్రాడి టార్గెట్‌కి శాంతి దొరికింది. మాష్టారు గ్రిప్పు మీద వేలు పోనిచ్చి, ఒకచోట ఆగారు.

"ఈ పల్లం ఏమిటి?"

"ఉంగరపు వేలికి పట్టు కోసం ప్రత్యేకంగా పెట్టించానండీ" అన్నాడు బావ తడుముకోకుండా. వెనక నిలబడ్డ కుర్రాడు అప్పుడే తన గ్రిప్పు తిప్పి చూసుకోవడం నా కంటబడింది.

అసలు చిక్కేమిటంటే ఆ పల్లంలో ఉంగరం ఉంటేనే వేలు కుదురుతుంది. లేకపోతే వేలు అటూ ఇటూ జారి, బొట్టు పెట్టినట్టు పడే పెల్లెట్లు మళ్ళీ ఎడమకి ప్రయాణం కడతాయి. మొన్న సగం షాట్లు కొట్టాక గానీ బావ తన వేలు చూసుకోలేదు. పిస్తోలు కింద పెట్టి బయటికొచ్చి అక్కకి ఫోన్ చేశాడు.

"నా దగ్గరే ఉంది" అంది అక్క. "బల్ల మీద ఆ పుట్టీ మరకలు గీకెయ్యండి, ఇస్తాను."