పదకొండో వారం

రాజనీతి శాస్త్రం సిలబస్‌ను విద్యార్థులు సరిచేస్తారట. రోగులే కత్తి పట్టుకుని వచ్చినట్టుంది! మేం చెప్పే తత్వవేత్తలు ప్లేటో నుంచి ఇంగ్లండ్‌కు చెందిన జాన్ స్టువర్ట్ మిల్ దాకా అందరూ ఐరోపా మగవాళ్లే అయితే అది మా తప్పా? మిగతా ప్రపంచం అప్పుడు నిద్రపోతూ ఉండి ఉంటుంది.

అయినా మా విభాగం పెద్దమనసుతో కమిటీ వేసింది. ఏడుగురు ప్రొఫెసర్లు, ఇద్దరు విద్యార్థులు. మేం అభిప్రాయాలు చెబుతాం, వాళ్లు పని చేస్తారు. డబ్బులేమైనా ఇస్తారా అని అడిగితే సర్టిఫికెట్ ఇస్తామన్నాం. (ఒకరి పేరు తప్పు పడింది, అది వేరే సంగతి.)

చిక్కెక్కడొచ్చిందంటే, ఈ పిల్లలు పుస్తకాలు చదివి వచ్చారు. "సార్, మిల్ 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగి కదా, పాఠంలో ఆ మాటే లేదేం?" అందొక అమ్మాయి. కంపెనీ కొలువు ముగిసిన మరుసటి ఏడే ఆయన స్వేచ్ఛ మీద పుస్తకం అచ్చువేశాడు. అనాగరికులకు నిరంకుశ పాలన తగినదేనని అందులోనే, అదీ మొదటి అధ్యాయంలోనే ఉంది. పేజీ తీసి చూపించింది. ఇరవై ఏళ్లుగా ఆ పుస్తకం చెబుతున్నాను. నా కాపీలో ఆ పేజీ ఇప్పటికీ కొత్తగానే ఉంది.

రెండోవాడు ఆస్తి హక్కు గురించి రాసిన ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్‌ని పట్టుకున్నాడు. బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ఆయనకు వాటాలుండేవట. ఉంటే ఏం? ఆస్తి హక్కు గురించి ఆస్తి ఉన్నవాడు కాక ఇంకెవరు రాస్తారు?

తర్వాత జాబితా బయటికి తీశారు. 1377లోనే రాజ్యాల ఎదుగుదల, పతనాల గురించి రాసిన ఇబ్న్ ఖల్దూన్, 1792లో స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్, అంబేద్కర్, వలసపాలనను ఎండగట్టిన ఫనాన్. బానిసలు తిరగబడి 1804లో స్వతంత్ర దేశంగా నిలబెట్టిన హైతీ కూడా కావాలట. అందరూ గొప్పవాళ్లే, కాదనం. ఖాళీ ఏదీ? ప్లేటో చెప్పిన గుహ కథలోంచి బయటపడడానికే మాకు మూడు వారాలు పడుతుంది.

చర్చించి చర్చించి దారి కనిపెట్టాం. పదకొండో వారం, శీర్షిక "ఇతర దృక్కోణాలు". అందరికీ కలిపి ఒక గంట. పరీక్ష పదో వారం వరకే. విద్యార్థులకు టెన్షన్ ఉండకూడదు కదా.

సంతకాలు పెడుతుంటే ఆ అమ్మాయి మళ్లీ చెయ్యెత్తింది. "మిల్ ఎన్నో వారం, సార్?"

"ఏడో వారం."

"అయితే ఆ పేజీ ఏడో వారంలోనే చదువుదాం. కొత్త వారం అక్కర్లేదు."

మీటింగ్ వాయిదా వేశాం. టీ చల్లారిపోతోందని మినిట్స్‌లో కారణం రాశాం.