‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’ గారికి

మహారాజశ్రీ ‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’ అనే వాక్యం గారికి, శ్రీకాకుళంలో కోర్టు బయట అఫిడవిట్లు టైపు చేసుకుని బతికేవాడి విన్నపం.

అయ్యా, మొన్న సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతుంటే టీవీలో మళ్లీ వినిపించారు. మీది ఏ పార్టీయో నాకింకా అంతుచిక్కలేదు. తమవాడు అరెస్టయితే నాయకులు ‘కక్ష సాధింపు’ అంటారు, అవతలివాడైతే మిమ్మల్ని పిలుస్తారు. కుర్చీలు మారగానే మీరిద్దరూ నోళ్లు మార్చుకుంటారు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ కూడా 2024 జులై 1న భారతీయ న్యాయ సంహితకు చోటిచ్చి తప్పుకుంది. మీలో మాత్రం ఒక్క ఒత్తు మారలేదు.

మీ వ్యాకరణం చూస్తే నాకు కడుపుమంట. నా పనిలో కర్త లేనిదే వాక్యం నడవదు. ‘సదరు ప్రతివాది సదరు గట్టును తెగగొట్టి’ అని తండ్రి పేరుతో, సర్వే నంబరుతో సహా కొట్టాలి. మీలో కేసు పెట్టినవాడు లేడు, పెట్టించినవాడు లేడు, ఫోన్ చేసినవాడు అసలే లేడు. అంతా చట్టమే! పైగా ‘చేస్తుంది’ అనరు, ‘చేసుకుపోతుంది’ అంటారు. ఎక్కడికండీ పోవడం?

కోర్టులో మాట జరిగిపోయినదాని మీద, సభలో మాట జరగబోయేదాని మీద ఉంటుందని 2,300 ఏళ్ల కిందట అరిస్టాటిల్ విడదీశాడట. మా ప్లీడరు గారు చెప్పారు. పాపం, ఆ పెద్దమనిషి మావైపు రాలేదు. ఇక్కడ సభల్లో గత ప్రభుత్వం తప్ప వేరే మాట ఉండదు. కోర్టులోనేమో ఎప్పుడూ వచ్చే నెల తారీఖే.

అసలు సంగతికొస్తాను. నాగావళి అవతల నుంచి ఒక ముసలమ్మ వస్తుంది. గట్టు తగాదా, పదకొండో ఏడు. మిమ్మల్ని ఆమె కూడా టీవీలో విన్నదట. నిన్న స్టూలు మీద కూర్చుని అడిగింది: “ఏటి బాబూ, సట్టం దాని పని అది సేసుకుపోతే, మరి నా పని ఎవులు సేత్తారు?”

ఈ ముక్క అర్జీలో పెట్టమంది. అలాంటివి పెట్టరమ్మా అన్నాను. వినలేదు. వేరే పేజీ అయితే పది రూపాయలన్నాను. కొంగుముడి విప్పి ఇచ్చింది. కొట్టాను.

జతపరచినది: ఒక పేజీ.