కనజావా బాగుంది, వీసా సంగతీ రాయండి
జపాన్ నగరం కనజావాలో ఉంటూ రిమోట్‌గా పని చేసుకోవచ్చన్న మీ వ్యాసం చదివి సంతోషించాను. నేనుండేది ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడని ఊరు కాబట్టి, ఒకప్పుడు సమురాయ్ యోధులు ఉన్న నాగమాచి వీధుల్లో మట్టి గోడలు ఇంకా నిలిచి ఉన్నాయి. మంచుకు దెబ్బతినకుండా చలికాలమంతా వాటికి గడ్డి చాపలు కట్టి ఉంచుతారు. పని మధ్యలో ఆ వైపు నడిచొస్తే టెన్షన్ దిగిపోతుంది. కానీ పాత చెక్క ఇళ్ల గోడలు పల్చన. ఇండియాలో సాయంత్రం 6:30 మీటింగ్ అంటే ఇక్కడ రాత్రి 10 గంటలు, గొంతు తగ్గించి మాట్లాడాల్సిందే. అసలు ముఖ్యమైనది వీసా. రిమోట్‌గా పని చేసేవాళ్ల కోసం 2024లో జపాన్ తెచ్చిన 6 నెలల డిజిటల్ నోమాడ్ వీసాకు అర్హమైన దేశాల జాబితాలో ఇండియా లేదు. మనవాళ్లు ఆశపడి ఏర్పాట్లు మొదలుపెట్టకముందే ఈ మాట వ్యాసంలో చేర్చండి, దయచేసి.