సవరణ: స్లాట్ పోలేదు, పొరపాటు నాదే

పాత ల్యాప్‌టాప్‌లో కొత్త 8 జీబీ ర్యామ్ (మెమరీ స్టిక్కు) వేస్తే స్క్రీన్ నల్లగానే ఉండిపోతోందని, దాన్ని పెట్టే రెండో స్లాట్ పోయినట్టేనని మొన్న రాశాను. పిన్నులు రబ్బరుతో తుడవమని, బోర్డు (మదర్‌బోర్డు) మార్పించమని సలహా కూడా ఇచ్చాను. స్లాట్ పోయిందన్నది తప్పు. పాత 4 జీబీ స్టిక్కును అదే స్లాట్‌లో పెడితే వెంటనే ఆన్ అయింది. ఈ పని ముందే చేయాల్సింది.

నిన్న రాత్రి రెండింటినీ టేబుల్ లైటు కింద పక్కపక్కన పెట్టి చూశాను. పాతదాని స్టిక్కర్ మీద పీసీ3ఎల్-12800ఎస్, కొత్తదాని మీద పీసీ3-12800ఎస్. తేడా ఒక్క 'ఎల్'! రెండింటికీ 204 పిన్నులే, గాడి కూడా ఒకేచోట, అందుకే టక్కున కూర్చుంటుంది. కానీ ఎల్ ఉన్నది 1.35 వోల్టులతో నడుస్తుంది, లేనిదానికి 1.5 కావాలి. నాది నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్, బోర్డు ఇచ్చేది 1.35 మాత్రమే. ఎల్ రకం 1.5 వోల్టుల పాత మెషిన్లలోనూ పనిచేస్తుంది గానీ, ఎల్ లేనిది 1.35 వోల్టుల బోర్డులో పెడితే కుదరదు.

పిన్నులు రబ్బరుతో తుడవమన్నాను కదా, మెల్లగా తుడిస్తే నష్టం లేదు, ఈ కేసులో లాభమూ లేదు. బోర్డు మార్పించమన్న సలహా మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరైనా ఈపాటికే డబ్బు పెట్టేసి ఉంటే క్షమించాలి. షాపతను గొణుగుతూనే స్టిక్ మార్చి ఇచ్చాడు, ఇప్పుడు 12 జీబీ చూపిస్తోంది.