ఫోర్స్ ట్రాన్స్‌డ్యూసర్ గారికి ఉభయకుశలోపరి

విశాఖపట్నం

మహారాజశ్రీ ఫోర్స్ ట్రాన్స్‌డ్యూసర్ గారికి,

లాగే బలాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి కొలిచే సాధనమని తమకి పేరు. మా క్షేమం సరే, తమరి సున్నా (బలమేమీ లేనప్పుడు చూపాల్సిన అంకె) క్షేమమేనా? రాత్రి సున్నా దగ్గర పడుకోబెడితే తెల్లారేసరికి ఇంకెక్కడో లేవడం తమకి అలవాటు కనక అడుగుతున్నాం.

తమకి అప్పజెప్పేది కొండలు మొయ్యడం కాదు. ఎలుక గుండెలోంచి తీసి, ద్రావణంలో ముంచి తమ కొక్కేనికి తగిలించే ట్రాబెక్యులా అనే కండపోగు, మందం 0.2 మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకి 50 మిల్లీన్యూటన్ల చొప్పున లాగినా మొత్తం 1.6 మిల్లీన్యూటన్లు. అంటే 160 మిల్లీగ్రాముల బరువు, ఏడెనిమిది బియ్యపుగింజలు. ఎంవీపీ కాలనీ రైతుబజార్లో వంకాయలు తూచే ఎలక్ట్రానిక్ కాటాలో ఉన్నదీ తమ చుట్టమే. అదే స్ట్రెయిన్ గేజి (సాగితే విద్యుత్ నిరోధం మారే రేకు), అదే వీట్‌స్టోన్ బ్రిడ్జి (ఆ చిన్న మార్పుని పట్టే నాలుగు చేతుల సర్క్యూటు). మీద తడి తోటకూర పడేసినా కిక్కురుమనదు. తమరు మాత్రం సంక్రాంతికొచ్చిన కొత్త అల్లుడు. ఏసీ గాలి తగిలినా అలకే, కింద బస్సు వెళ్లినా అలకే.

కొక్కెం సంగతే చూడండి. 0.3 మిల్లీమీటర్ల తీగ ద్రావణంలోకి దిగేచోట నీటి అంచు దాన్ని పట్టుకుని 65 మైక్రోన్యూటన్ల దాకా లాగుతుంది. మన పోగు బలంలో అది 4 శాతం. మట్టం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా ఆ పట్టు మారుతుంది. తమరు దాన్నీ గుండె ఖాతాలోనే జమ వేస్తారు. అందుకే మట్టం కదలకుండా పొర్లుగొట్టం పెట్టి, తీగ మీద ఉప్పు పేరుకోకుండా తుడవాల్సి వస్తోంది.

పోనీ స్వభావమైనా ఒకటా? మెత్తని కాంటిలీవర్ (ఒక కొస బిగించి, గేజి అంటించిన పట్టీ) పెడితే సంకేతం ఘనంగానే వస్తుంది, కానీ కొస వంగిపోతుంది. 2 మిల్లీమీటర్ల పోగుకి కొస 20 మైక్రాన్లు లొంగితే 1 శాతం కుదింపు. ఇక పొడవు మారని కొలత అని రాసుకోవడం ఎందుకు? క్లిప్పుల దగ్గర నలిగిన అంచులు సాగి, మధ్యలో సార్కోమియర్లు (కండని ముడిచే సూక్ష్మ భాగాలు) కుంచించుకుపోవడం దీనికి అదనం. గట్టి కాంటిలీవర్ పెడితే సంకేతం రొదలో మునుగుతుంది. గేజ్ ఫ్యాక్టర్ (సాగుడుకి నిరోధం ఎన్నింతలు మారుతుందనే లెక్క) 2 ఉన్న రేకుని వదిలేసి 100 దాటే సిలికాన్‌కి పోతే, అది వేడికీ అంతే ఘాటుగా ఉలిక్కిపడుతుంది. అందమైన బరువు కొక్కెం తగిలిస్తారు కొందరు. కదిలే బరువు నాలుగింతలైతే సహజ పౌనఃపున్యం (తమరు తమంతట ఊగే వేగం) సగమవుతుందని తమరైనా చెప్పరు.

ఇక మన సముద్రపు గాలి. బ్రిడ్జిలోని 350 ఓమ్‌ల చేతికి పక్కన ఉప్పుతేమ పొర పది లక్షల ఓమ్‌ల దొడ్డిదారి తెరిచినా నిరోధం 0.035 శాతం తగ్గుతుంది. రేకు గేజిలో పూర్తి లోడు మీద వచ్చే మార్పే సుమారు 0.2 శాతం! టెర్మినళ్లకి సిలికోన్ పూత వెయ్యకుండా బీచ్ రోడ్డు వైపు కిటికీ తెరిచేవాళ్లకి దణ్ణం. కరెంటు సరఫరా 50 హెర్ట్జ్ గుర్రు వినపడిందని 10 హెర్ట్జ్ ఫిల్టరు బిగించేవాళ్లకి రెండు దణ్ణాలు. గుర్రుతోపాటు ట్విచ్ (పోగు ఒక్కసారి ముడుచుకోవడం) శిఖరం కూడా నున్నగా అరిగిపోతుంది. తీగలు మెలేసి, షీల్డుని ఒకే చోట ఎర్త్ చేస్తే చాలేది.

తమకి పరీక్ష పెట్టేటప్పుడు మా దయ చూపం. అరగంట వేడెక్కాక 50, 100, 200 మిల్లీగ్రాముల తూకపురాళ్లు ఎక్కిస్తూ ఒకసారి, దించుతూ ఒకసారి. రెండు గీతలూ కలవకపోతే ఎక్కడో జిగురు వదిలిందేమోనని అనుమానం, తమరు ఎంత నవ్వినా సరే.

ఇట్లు,
తమరి అలకపాన్పు మోసేవాళ్లు

తా.క.: స్టిమ్యులేటర్ (పోగుకి కరెంటు తట్టు ఇచ్చే పెట్టె) ఆపేశాక కూడా తెర మీద సెకనుకి ఒకటి చొప్పున చక్కగా కొట్టుకుంటూనే ఉందంటే సంబరపడకండి. ద్రావణం తోసే రోలర్ పంపు కూడా ఒకసారి ఆపి చూడండి.