ఆ దూలాన్ని తూకానికి అమ్మకండి

ఈ ఎండాకాలం ఊళ్ళో పాత ఇల్లు కూలగొట్టించాలనుకుంటున్నవాళ్ళు ఈ పోస్ట్ కాస్త ఓపికగా చదవండి. పోయిన ఏప్రిల్‌లో మేమూ అదే పని చేశాం. బనగానపల్లె దగ్గర మా ఊళ్ళో తాతలనాటి మట్టి మిద్దె మాది. కప్పు మీద పరిచిన చవుడు మట్టి కొట్టుకుపోయి, రెండేళ్ళుగా వానకు కారి కారి, వెనక గది కప్పు కుంగిపోయింది. మనుషులు ఉండే పరిస్థితి లేదు. ఇల్లు కూలగొట్టినందుకు నాకు బాధ లేదు. నా బాధంతా ఆ మర్నాడు కలపకు పట్టే గతి గురించే.

కూల్చడానికి వచ్చినాయన "కూలి తగ్గించుకుంటాను, కర్రంతా నాకొదిలేయండి" అన్నాడు. ఊళ్ళో అందరూ ఇలాగే ఒప్పుకుంటున్నారు. నగిషీ చెక్కిన వాకిలి ఉంటే అది ఏ రిసార్టు అలంకారానికో పోతుంది. దూలాలు, వాటి మీద అడ్డంగా వేసే దంతెలు, అటక చెక్కలు మాత్రం ముక్కలై, తూకానికి అమ్ముడుపోయి, పొయ్యిలో పడతాయి. మా నాయన కూడా సరేననబోయాడు. ఆపింది మా అక్క కూతురు. పదకొండేళ్ళ పిల్ల. "మామా, ఆ పెద్ద కర్ర ఇవ్వొద్దు. దాంతో మనం చెట్టు మీద ఇల్లు కట్టుకుందాం" అంది.

ఆ పెద్ద కర్ర ఇంటి నడిమి దూలం. ఏపి మాను, వేప కాదు. నీళ్ళలో వేస్తే తేలదు, మునిగిపోయే జాతి. మధ్యలో ఒక ఇనుప కొక్కెం ఉంది. మా నాయనకూ, ఆయన తోడబుట్టినవాళ్ళకూ ఉయ్యాల కట్టిన కొక్కెం అది. గోడ మట్టిలో ఉన్న కొసను రెండడుగుల మేర చెదలు తినేశాయి. ఆ ముక్క కోసి పారేస్తే లోపలంతా చేవ. అన్నేళ్ళు నీడలో ఎండిన కర్ర ఇక పెద్దగా కుంచించుకుపోదు, వంకర తిరగదు. ఈ రోజు కలప డిపోలో పచ్చి ఆరని చెక్క కొనుక్కొచ్చి, ఏడాది తిరక్కుండానే తలుపు బిగుసుకుపోయిందని బాధపడేవాళ్ళం మనమే. ఇంట్లో ఉన్న చేవ కర్రను వదిలించుకునేదీ మనమే. ఇది నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడదు.

ఇంకో మాట కూడా అనాలి. పిల్లల్ని ఎండాకాలం క్యాంపుకు పంపి, ఐస్‌క్రీం పుల్లలతో బొమ్మ ఇల్లు కట్టించడానికి ఫీజు కడుతున్నాం. అదే వారంలో ఊళ్ళో నిజమైన దూలాలు లారీ ఎక్కుతున్నాయి. మాకు ఫోన్ చేసిన బంధువుల్లో సగం మంది "పడతారు, దెబ్బలు తగులుతాయి, ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ ఇల్లు తెప్పించు" అన్నారు. మిగిలిన సగం "మనుషుల్ని పెట్టి కట్టించు, పిల్లలు వచ్చి ఆడుకుంటారు" అన్నారు. రెండు మాటలూ నాకు నచ్చలేదు. పిల్లలు తమ చేత్తో కట్టకపోతే ఆ దూలం పిల్లలది కాదు. అప్పుడది నా సరదా అవుతుంది, అంతే.

ఎలా కట్టాలో తేల్చింది మా అవ్వ. నేను ఫోన్‌లో విదేశాల చెట్టు ఇళ్ళు చూపిస్తుంటే, "చెట్టు మీద ఇల్లేంది నాయనా, దాన్ని మంచె అంటారు" అంది. జొన్నకంకి పాలు పోసుకునే రోజుల్లో పిట్టలు గుంపులుగా వాలేవట. చిన్నప్పుడు తెల్లారకముందే చేనికి పోయి, మంచె ఎక్కి, వడిసెలతో రాళ్ళు విసిరి, డబ్బా వాయించి తోలేదట. నాలుగు పంగ కర్రలు పాతి, వాటి మీద అడ్డ కర్రలు వేసి, పైన జొన్న సొప్ప పరిచేవాళ్ళు. పక్కన చెట్టుంటే నీడకే తప్ప, బరువు దాని మీద వేసేవాళ్ళు కాదు. ఆ ఒక్క మాటతో నా టెన్షన్ సగం తీరింది.

ఎందుకంటే మా పెరట్లో ఉన్నది వేపచెట్టు. 2021లో వేపచెట్లు కొసల నుంచి ఎండుకుంటూ వచ్చింది గుర్తుందా? ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు అది. మా చెట్టుకూ సోకి, మళ్ళీ చిగురేసింది. అలాంటి చెట్టుకు మేకులు దిగ్గొట్టడానికి నాకు చేయి రాలేదు. బయటి దేశాల్లో దీనికి వేరే దారి ఉంది. అమెరికాలోని ఓరెగాన్‌లో మైఖేల్ గార్నియర్ అనే ఆయన 1990లలో చెట్టు ఇళ్ళ కోసమే లావుపాటి ఉక్కు బోల్టు తయారుచేశాడు. చిన్న మేకులు ఇరవై కొట్టడం కంటే లావు బోల్టు ఒకటి దించితేనే చెట్టు ఆ గాయాన్ని మూసుకోగలదు. ఆ బోల్టు మనకు దొరకదు, మంచెకు దాని అవసరమూ లేదు. అన్నిటికంటే చేయకూడనిది మాత్రం ఒకటుంది. మొద్దు చుట్టూ తీగో తాడో బిగించి కట్టకండి. చెట్టు లావెక్కే కొద్దీ అది బెరడును కోసేస్తుంది. బెరడు కిందే ఆకుల నుంచి వేర్లకు ఆహారం దిగేది. మావాడికి తొమ్మిదేళ్ళు. చెట్టు పెరిగితే మన ఇల్లు కూడా పైకి లేస్తుందా అని అడిగాడు. లేవదు. చెట్టు ఎత్తు పెరిగేది కొసల దగ్గరే, మొద్దు లావు మాత్రమే అవుతుంది. అందుకే మంచె పైన కూర్చునే అరుగు మధ్యలోంచి చెట్టు పోయే చోట చుట్టూ నాలుగు వేళ్ళ సందు వదిలాం.

అరుగు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, నేల నుంచి 5 అడుగుల ఎత్తు. ఇంకా ఎత్తు కావాలని పిల్లలు గొడవ చేశారు. నేను ఒప్పుకోలేదు. కింద 9 అంగుళాల మందాన మెత్తటి ఇసుక పోయించాను.

అసలు కష్టం మేకుల దగ్గర మొదలైంది. అటక చెక్కల్లో ఎన్ని మేకులున్నాయో! పైకి కనిపించేవి సరే, తల విరిగి లోపలుండిపోయినవే ప్రమాదం. రంపం పళ్ళు పోతాయి, మిషన్ రంపమైతే ముక్క ఎగిరి కంట్లో పడుతుంది. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతంతో పిల్లలు ఒక్కో చెక్కా తడిమి, మేకు ఉన్నచోట సుద్దముక్కతో గీత పెట్టారు. నేనూ బావా పట్టకారతో పీకాం. రెండు సాయంత్రాలు పట్టింది, పాలడబ్బా నిండింది. పని మొదలుపెట్టకముందే అందరి టీటీ ఇంజెక్షన్ల సంగతి చూసుకున్నాం, చెప్పుల్లేకుండా ఎవర్నీ అటు రానివ్వలేదు.

ఆకుపచ్చ రంగు తలుపు ఒకటుంది. పిల్లలకు అదే కావాలి. నేను వద్దన్నాను, చిన్నది ఒక పూటంతా మాట్లాడలేదు. దానికి ఆరేళ్ళు, నోట్లో వేలు పెట్టుకునే అలవాటు ఇంకా పోలేదు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90, దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చిందే 2017 నవంబర్‌లో. అంతకుముందటి రంగును పిల్లల ముందు గీకడం, గరుకు కాగితంతో రుద్దడం చేయకండి. ఆ దుమ్ము పిల్లల మెదడుకు చేటు. మేం రంగు వేసిన చెక్క ఒక్కటి కూడా వాడలేదు.

దాంతో నేలకు చెక్క చాలలేదు. నంద్యాలలో పాత సామాన్ల అంగట్లో సరుకు కింద వేసే చెక్క ప్యాలెట్లు దొరికాయి. విదేశీ సరుకుతో వచ్చే ప్యాలెట్ మీద ముద్ర ఉంటుంది. హెచ్‌టీ అని ఉంటే వేడి చేసి పురుగు చంపిన చెక్క, తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, పిల్లల దగ్గరికి రానివ్వద్దు. నూనె మరకలున్నవీ వద్దు. ఆ ముద్రలు వెతికే పని మావాడు తీసుకుని, ముద్రలేని వాటినీ వెనక్కి పంపించాడు.

స్తంభాలు నిలబెట్టడానికి మూడు రోజులు పట్టింది. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. అవ్వ కాలపు మంచె ఒక్క పంటకే కాబట్టి చెల్లిపోయింది. మేం మూడడుగుల గుంత తీసి, అడుగున బేతంచెర్ల బండ ముక్క వేసి, దాని మీద దంతె నిలబెట్టి, చుట్టూ తవ్విన మట్టే పూడ్చేశాం. మే నెలలో ఒక్క పెద్ద వాన పడింది. పొద్దున రసమట్టం పెట్టి చూస్తే రెండు స్తంభాలు పక్కకు ఒరిగాయి. మా అక్క కూతురు ఏడ్చేసింది. బావ ఏమీ మాట్లాడకుండా గడ్డపార తీసుకుని మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు. ఈసారి రేగడంతా ఎత్తిపోసి, గరుసు నింపి, అరడుగుకోసారి దిమ్మిస కొట్టి, పైన నీళ్ళు నిలవకుండా వాలు ఇచ్చాం. ఆ తర్వాత కదల్లేదు.

మా ఊరి వడ్రంగి పెద్దాయన రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. ఆయన గొప్పతనం ఏమిటంటే, పిల్లల చేతిలోంచి ఉలి లాక్కోలేదు. ఏపి కర్రలోకి మేకు దిగదని, ముందు సన్నగా బెజ్జం వేసి, స్క్రూకు సబ్బు రాసి తిప్పితే పోతుందని ఆయనే చూపించాడు. దూలం కొసను చెక్కి స్తంభం గాడిలో ఎలా కూర్చోబెట్టాలో ఇటుక మీద బొగ్గుతో గీసి చెప్పాడు. మిషన్ రంపం మాత్రం పెద్దవాళ్ళమే పట్టుకున్నాం. చేతి రంపం, సుత్తి, చేతి డ్రిల్ పిల్లలవి. వేళ్ళ మీద దెబ్బలు తగిలాయి, చన్నీళ్ళలో పెట్టుకుని మళ్ళీ వచ్చారు.

అరుగు అంచున పిట్టగోడలా నిలువు కమ్మీలు పెట్టాలి. సందు నాలుగు అంగుళాలు దాటితే చిన్నపిల్లల తల ఇరుక్కుంటుంది, అదొక్కటే నేను చెప్పాను. కమ్మీ వెడల్పు రెండంగుళాలు, అరుగు పొడవు 96 అంగుళాలు. మావాడు 2 కి 4 కలిపి, 96ని 6తో భాగించి, 16 కమ్మీలన్నాడు. మరి సందులెన్ని? 16 అని వాడు, 17 అని వాళ్ళక్క. చివరికి ఇసుకలో పుల్లలు పేర్చి లెక్కపెట్టుకున్నారు. 17. కమ్మీలు పోగా మిగిలిన 64 అంగుళాలను 17తో భాగిస్తే మూడుముప్పావు. నాలుగుకు లోపే. ఆ రోజు రాత్రి అన్నం దగ్గర కూడా ఆ లెక్కే మాట్లాడుకున్నారు. ఆ అరగంట చూసినవాళ్ళెవరూ పిల్లలకు సెలవుల్లో ఇలాంటి పని దండగ అనరు.

అందుకే అడుగుతున్నాను. ఇల్లు కూల్చే రోజున తొందరపడకండి. దూలాలూ దంతెలూ వారం రోజులు ఇటుకల మీద పేర్చి పెట్టండి, నేలకు తగలనివ్వకండి, పైన పట్టా కప్పండి. సెలవుల్లో పిల్లలు వచ్చాక వాళ్ళను అడగండి. చెట్టు లేకపోతే మంచె చాలు. జాగా లేకపోతే ఒక బల్ల, ఒక ఉయ్యాల. మునగచెట్టు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, దాని కొమ్మ పిల్లి బరువుకే విరుగుతుంది.

మా మంచెకు నడిమి దూలం కొక్కెం అలాగే ఉంచాం. దానికి తాడు వేసి, బొక్కెన కట్టి, మామిడికాయలు, నీళ్ళ సీసాలు పైకి లాక్కుంటున్నారు. మూడో మెట్టు ప్యాలెట్ చెక్కది, సన్నగా పగులు వచ్చింది. దసరా సెలవులకు మార్చాలి. దానికి దంతె ముక్క ఒకటి మావాడు ఇప్పటికే కొలిచి, గీత గీసి, అవ్వ మంచం కింద దాచాడు.