కెమెరాను లోపలికి రానిచ్చింది ఎవరు?

1982 జనవరిలో బీబీసీ ‘పోలీస్’ అనే సిరీస్‌లో ఒక భాగం ప్రసారం చేసింది. థేమ్స్ వ్యాలీ పోలీసు విభాగం కింద ఉన్న రెడింగ్ పట్టణంలో తీసిన భాగం అది. అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేయడానికి ఒక మహిళ స్టేషన్‌కు వచ్చింది. ఆమె ఎదుట ముగ్గురు మగ డిటెక్టివులు కూర్చున్నారు. ఆమె ముఖం ప్రేక్షకుడికి కనిపించదు, కెమెరా పోలీసులనే చూస్తూ ఉంటుంది. ఆమె చెప్పేది పూర్తిగా వినకుండానే వాళ్ళు గతంలో ఆమె తీసుకున్న మానసిక చికిత్స గురించి, ఆమె లైంగిక జీవితం గురించి తవ్వడం మొదలుపెడతారు, ఇదంతా కట్టుకథ అని మొహం మీదే అనేస్తారు. ప్రత్యేకంగా లైట్లు పెట్టలేదు, ఎవరినీ ఆపి ప్రశ్నలు అడగలేదు, జరిగిందేదీ మళ్ళీ నటించి చూపించలేదు. ఆ ప్రసారం తర్వాత బ్రిటన్‌లో రేగిన ఆగ్రహం చల్లారలేదు. అత్యాచార బాధితులతో ఎలా వ్యవహరించాలో చెబుతూ 1983లో హోం శాఖ అన్ని పోలీసు విభాగాలకూ మార్గదర్శకాలు పంపవలసి వచ్చింది.

ఆ సిరీస్‌ను చార్లెస్ స్టీవర్ట్‌తో కలిసి తీసిన రోజర్ గ్రేఫ్ అమెరికాలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడినవాడు. పోలీసులతో ఆయన చేసుకున్న ఒప్పందం ఆ సిరీస్ కంటే ఆసక్తికరమైనదని నాకు అనిపిస్తుంది. ప్రసారానికి ముందు పోలీసులు చూడవచ్చు, వాస్తవాల్లో పొరపాటు ఉంటే చెప్పవచ్చు, అయితే తమకు నచ్చని దృశ్యాన్ని తీసేయమని అడిగే హక్కు వాళ్ళకు ఉండదు. అప్పటి థేమ్స్ వ్యాలీ పోలీసు అధిపతి పీటర్ ఇంబర్ట్ దానికి ఒప్పుకున్నాడు. పరువు పోయినా ఆయన ఉద్యోగజీవితం దెబ్బతినలేదు, ఆ తర్వాత ఆయన లండన్ మెట్రోపాలిటన్ పోలీసు కమిషనర్ అయ్యాడు.

బ్రిటిష్ డాక్యుమెంటరీల గురించి మనవాళ్ళు రాసేటప్పుడు వాటి పరిశోధననూ, నిదానమైన వ్యాఖ్యానాన్నీ, ఛాయాగ్రహణాన్నీ మెచ్చుకుంటారు. అవన్నీ ఉన్నమాట నిజమే. కాని నిజజీవితం, నేరం, చరిత్ర అనే మూడు దారుల్లోనూ ఆ సిరీస్‌ల విలువను తేల్చేది నా దృష్టిలో ఒకే ప్రశ్న: కెమెరాను లోపలికి రానిచ్చింది ఎవరు, ఏ షరతు మీద? భోజనానికి పిలిచినవారి వంటకు వాళ్ళ ఎదుటే వంక పెట్టడం ఎంత కష్టమో, తలుపు తీసిన సంస్థ తప్పును తెరమీద చూపించడం అంతకంటే కష్టం. గ్రేఫ్ చూపించగలిగాడు. ఆయన తర్వాత వచ్చినవారికి అంత చోటు మిగల్లేదు.

పోలికకు ఛానల్ 4లో 2014 నుంచి వస్తున్న ‘24 అవర్స్ ఇన్ పోలీస్ కస్టడీ’ని చూద్దాం. బెడ్‌ఫర్డ్‌షైర్ పోలీసుల లూటన్ స్టేషన్‌లో కెమెరాలు అమర్చి, అరెస్టు జరిగిన క్షణం నుంచి అభియోగం మోపడమో వదిలేయడమో తేలేదాకా డిటెక్టివుల వెంట నడుస్తుందీ సిరీస్. పేరులోని 24 గంటలు చట్టం నుంచి వచ్చినవే. 1984 నాటి పోలీసు, నేర సాక్ష్యాల చట్టం ప్రకారం అభియోగం లేకుండా మామూలుగా నిర్బంధించగలిగేది అంతసేపే, తీవ్రమైన నేరాల్లో పై అధికారి అనుమతితో 36 గంటలకూ, మేజిస్ట్రేటు అనుమతితో గరిష్ఠంగా 96 గంటలకూ పొడిగించవచ్చు. అనుమానితుడు న్యాయవాది పక్కన కూర్చుని ప్రతి ప్రశ్నకూ చెప్పేదేమీ లేదంటూ ఒకే జవాబు ఇస్తుంటే, గడియారం తిరుగుతుంటే, పక్క గదిలో అధికారులు తలలు పట్టుకుంటుంటే ప్రేక్షకుడు కుర్చీ అంచున కూర్చుంటాడు. నేనూ అలాగే కూర్చుని చూస్తాను. ఎంతో నేర్పుగా తీసిన సిరీస్ అది. కాని అందులో మన ఊపిరి ఎవరి కోసం బిగబట్టుకుంటామో గమనించాలి. డిటెక్టివు కోసం. మౌనంగా ఉండే హక్కు వాడుకుంటున్న మనిషి మనకు తెలియకుండానే అడ్డంకిలా కనిపిస్తాడు. గ్రేఫ్ సిరీస్‌లో పోలీసుల ఎదుట కూర్చున్న మహిళ స్థానంలో మనల్ని మనం ఊహించుకున్నాం. ఇక్కడ బల్లకు అవతలి వైపుకు మారిపోయాం.

అయినా ఈ సిరీస్‌కు ఒక కట్టుబాటు ఉంది, దాన్ని మన ఛానెళ్ళతో పోల్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. బ్రిటన్‌లో 1981 నాటి కోర్టు ధిక్కార చట్టం ప్రకారం అరెస్టు జరిగిన క్షణం నుంచే కేసు నడుస్తున్నట్టు లెక్క. విచారణను తీవ్రంగా పక్కదారి పట్టించే ముప్పు ఉన్న దేన్ని ప్రసారం చేసినా, ఉద్దేశం ఏదైనా సరే, శిక్ష తప్పదు. అందుకే లూటన్‌లో తీసిన దృశ్యాలు కోర్టు పని ముగిశాకే తెరమీదికి వస్తాయి. మన 1971 నాటి చట్టంలో క్రిమినల్ కేసు పెండింగులో ఉన్నట్టు లెక్కించేది చార్జిషీటు దాఖలైనప్పటి నుంచో, కోర్టు సమన్లు లేదా వారెంటు జారీ చేసినప్పటి నుంచో. అరెస్టుకూ చార్జిషీటుకూ మధ్య వారాలూ నెలలూ గడుస్తాయి. మన నేర కథనాలన్నీ పండేది ఆ మధ్యకాలంలోనే. ముసుగు వేసిన నిందితులను వెనక నిలబెట్టి పోలీసు అధికారి ప్రెస్‌మీట్ పెడతాడు. పోలీసుల ఎదుట ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదని చట్టం చెబుతుంటే, నేరం ఒప్పుకున్నాడని తెర కింద స్క్రోలింగ్ నడుస్తుంటుంది. 2019 డిసెంబరు 6న దిశ కేసులో నలుగురు నిందితులు చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు అక్కడ పోలీసుల మీద పూలు కురిశాయి. ఆ కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిపినవని జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక చెప్పడానికి 2022 దాకా పట్టింది. కెమెరాలు మాత్రం తొలిరోజే తీర్పు చెప్పేసి వెళ్ళిపోయాయి.

తలుపు తీయమని అడగకుండా బయటినుంచే పని చేసిన సంప్రదాయం ఒకటి బ్రిటన్‌లోనే ఉండేది. గ్రెనడా సంస్థ 1963 నుంచి 1998 వరకు నడిపిన ‘వరల్డ్ ఇన్ యాక్షన్’, బీబీసీ 1982లో మొదలుపెట్టిన ‘రఫ్ జస్టిస్’ ఆ కోవకు చెందినవి. 1974 నవంబరు 21న బర్మింగ్‌హామ్ పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయిన కేసులో ఆరుగురు ఐరిష్ జాతీయులకు యావజ్జీవ శిక్ష పడింది. వాళ్ళలో కొందరి చేతుల మీద పేలుడు పదార్థం ఆనవాలు దొరికిందని ఫోరెన్సిక్ నిపుణుడు చెప్పిన మాట ఆ శిక్షకు ఒక ముఖ్య ఆధారం. ఆ రాత్రి ఐదుగురు రైల్లో పేకాడుతూ ప్రయాణించారు. 1985లో ‘వరల్డ్ ఇన్ యాక్షన్’ అదే పరీక్షను స్వతంత్ర శాస్త్రవేత్తల చేత చేయించింది. పేకముక్కల పూతలో ఉండే నైట్రోసెల్యులోజ్‌కు కూడా అదే ఫలితం వస్తుందని తేలింది. ప్రభుత్వ ప్రయోగశాల చెప్పినదాన్ని ఒక టీవీ బృందం పేకముక్కలతో పూర్వపక్షం చేసింది.

న్యాయవ్యవస్థ దీన్ని అంత తేలిగ్గా స్వీకరించలేదు. అదే 1985లో ‘రఫ్ జస్టిస్’ బయటపెట్టిన ఒక కేసులో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ లేన్ ఖైదీ శిక్షను కొట్టేస్తూనే, సాక్షిని బెదిరించి నిజం రాబట్టారంటూ కార్యక్రమ రూపకర్తలను తీవ్రంగా మందలించాడు. బీబీసీ వాళ్ళను కొంతకాలం పక్కన పెట్టింది. మనిషి విడుదలయ్యాడు, విడిపించినవాళ్ళకు శిక్ష పడింది. 1988 జనవరిలో బర్మింగ్‌హామ్ ఆరుగురి అప్పీలు వచ్చింది కూడా ఆ లేన్ ముందుకే. విచారణ సాగేకొద్దీ జ్యూరీ తీర్పు సరైనదేనన్న నమ్మకం తమకు బలపడిందని చెప్పి ఆయన అప్పీలు కొట్టేశాడు. వాళ్ళు బయటికి వచ్చింది 1991 మార్చి 14న. అదే రోజు ప్రభుత్వం నేర న్యాయవ్యవస్థ మీద రాయల్ కమిషన్ ప్రకటించింది, దాని ఫలితంగా 1997లో క్రిమినల్ కేసుల సమీక్షా కమిషన్ పని మొదలుపెట్టింది. దాని కార్యాలయాన్ని బర్మింగ్‌హామ్‌లోనే పెట్టారు.

చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది. తప్పుడు శిక్షలను సరిచూసే పని ఒక ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చాక టీవీ చేతులు దులుపుకుంది. పద్దెనిమిది మంది శిక్షలు రద్దు కావడంలో పాత్ర ఉందని పేరున్న ‘రఫ్ జస్టిస్’ను బీబీసీ 2007లో ఆపేసింది, బడ్జెట్ కారణాలు చెప్పింది. ఒక్కో కేసుకు నెలల తరబడి పరిశోధకులను పెట్టాలి, చివరికి నిందితుడు నిజంగానే దోషి అని తేలితే అంతా వృథా. పోలీసుల వెంట నడిచే సిరీస్‌లో ఆ నష్టభయం లేదు, ఏ కేసు ఎలా ముగిసినా అది కథే. ఈలోగా ఆండ్రూ మాల్కిన్సన్ అనే వ్యక్తి తాను చేయని నేరానికి 17 ఏళ్ళు జైల్లో గడిపాడు. సమీక్షా కమిషన్ ఆయన దరఖాస్తును రెండుసార్లు తిరస్కరించింది. ఒక చిన్న న్యాయసహాయ సంస్థ డీఎన్ఏ ఆధారం సంపాదించాకే 2023 జూలైలో ఆయన నిర్దోషిగా తేలాడు. బీబీసీ ఆయన మీద మంచి డాక్యుమెంటరీ తీసింది. అది వచ్చింది 2024లో, ఆయన నిర్దోషి అని కోర్టు చెప్పిన తర్వాత. తేడా అక్కడే ఉంది.

నిజజీవితం సంగతికి వస్తే, 1964 మేలో ‘సెవెన్ అప్’ పేరుతో 14 మంది ఏడేళ్ళ పిల్లలను చూపించినప్పుడు అది ఒక్కసారి వేసి మర్చిపోవలసిన కార్యక్రమం మాత్రమే. ధనికుల బడుల నుంచీ పేదల బడుల నుంచీ పిల్లలను వెతికి తెచ్చిన కుర్ర పరిశోధకుడు మైకేల్ ఆప్టెడ్ తర్వాత దర్శకుడై, ప్రతి ఏడేళ్ళకూ వాళ్ళ దగ్గరికి వెళ్ళి 2019లో వాళ్ళ 63వ ఏట దాకా తీశాడు, 2021లో చనిపోయాడు. పుట్టిన వర్గమే మనిషి బతుకును నిర్ణయిస్తుందని చూపడం మొదటి ఉద్దేశం. ఆ లెక్కలోకి ఒదగనివాడు లివర్‌పూల్ కుర్రాడు ఒకడున్నాడు. ఏడేళ్ళప్పుడు వ్యోమగామి అవుతానంటూ గంతులేసినవాడు, 28వ ఏట ఇల్లూ వాకిలీ లేకుండా స్కాట్లాండ్‌లో తిరుగుతూ కనిపించాడు, ఆ తర్వాత స్థానిక కౌన్సిలర్‌గా ఎన్నికయ్యాడు. ఈ సిరీస్ గొప్పదే, కాని ఇక్కడ తలుపు తీసింది పెద్దలు, లోపల ఉన్నది పిల్లలు. ఏడేళ్ళ వయసులో వాగిన మాటలను యాభయ్యేళ్ళకు పైగా దేశం ముందు మళ్ళీ మళ్ళీ వినవలసి రావడం ఎవరూ సంతకం చేసి ఒప్పుకున్నది కాదు. కొందరు మధ్యలో తప్పుకున్నారు. వాళ్ళలో ఒకాయన తానే డాక్యుమెంటరీ రంగంలో స్థిరపడి, 21వ ఏడు దాటాక ఆ కెమెరా ముందుకు మళ్ళీ రాలేదు. ఆ పని లోతుపాతులు తెలిసినవాడి నిర్ణయం అది. ఆ సిరీస్ చూసి మనం కరిగిపోయేటప్పుడు దాన్నీ గుర్తుంచుకోవాలి.

చరిత్ర సిరీస్‌లలో తలుపు తీసేవాళ్ళు సాక్షులూ, కాగితాలూను. థేమ్స్ టెలివిజన్ రెండో ప్రపంచ యుద్ధం మీద 1973-74లో 26 భాగాలుగా ప్రసారం చేసిన ‘ది వరల్డ్ ఎట్ వార్’కు నిర్మాత జెరెమీ ఐజాక్స్, గొంతు లారెన్స్ ఒలివియర్‌ది. వాణిజ్య ఛానెళ్ళ ప్రకటనల ఆదాయం మీద ప్రభుత్వం లెవీ తగ్గించడంతో మిగిలిన డబ్బే దానికి ఊపిరి పోసింది. సేనాధిపతుల కంటే వాళ్ళ పక్కన పనిచేసిన సహాయకులనూ కార్యదర్శులనూ వెతికి కూర్చోబెట్టడం ఐజాక్స్ బృందం చేసిన తెలివైన పని. పెద్దవాళ్ళు అప్పటికే ఆత్మకథలు రాసుకుని తమ మాట దిద్దుకుని ఉన్నారు. నాజీ ఎస్ఎస్ దళాల అధిపతి హిమ్లర్‌కు సహాయకుడైన కార్ల్ వోల్ఫ్, మిన్స్క్‌లో హిమ్లర్ చూస్తుండగా జరిగిన సామూహిక కాల్పులను కెమెరా ముందు మామూలు గొంతుతో వర్ణిస్తాడు. తన కథ తనకు అనుకూలంగా చెప్పుకుందామని తలుపు తీసినవాళ్ళే అక్కడ తమకు తెలియకుండా సాక్ష్యం చెప్పారు.

2015లో డేవిడ్ ఒలుసోగా బీబీసీకి చేసిన ‘బ్రిటన్స్ ఫర్గాటెన్ స్లేవ్ ఓనర్స్’లో సాక్షులెవరూ బతికి లేరు, అంతా కాగితాలే. 1833లో బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, బానిసలకు కాదు, యజమానులకు. పరిహారం కావాలంటే పేరు, చిరునామా, తన కింద ఉన్న మనుషుల సంఖ్య రాసి దరఖాస్తు పెట్టుకోవాలి. అలా వచ్చిన సుమారు 46,000 దరఖాస్తులను యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు క్రోడీకరిస్తే, చర్చి పూజారులూ వితంతువులూ సహా మామూలు మధ్యతరగతి బ్రిటన్ అంతా అందులో కనిపించింది. డబ్బు మీది ఆశే వాళ్ళ చేత ఆ జాబితా రాయించింది. ఏ పాత్రికేయుడూ అంతకంటే మంచి అనుమతి సంపాదించలేడు.

ఆ సిరీస్ ఎక్కువగా కరేబియన్ దీవుల చుట్టూ తిరిగింది. కాని ఆ పరిహారంలో 20 లక్షల పౌండ్లకు పైగా మారిషస్ చెరకు తోటల యజమానులకు వెళ్ళింది. బానిసల స్థానంలో వాళ్ళు భారతదేశం నుంచి కూలీలను ఒప్పందాల మీద తెప్పించుకున్నారు. 1830, 1840 దశకాల్లో గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్ళు ఆ కూలీల్లో ఉన్నారు, మారిషస్‌లో వాళ్ళను చాలాకాలం కోరంగీలనే పిలిచారు. కూలీల పేర్లు, ఊళ్ళు, కులాలు, తర్వాతి దశాబ్దాల్లో వచ్చినవాళ్ళయితే ఫొటోలతో సహా అక్కడి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని రాసింది కూలీలు కాదు, వలస కార్యాలయం గుమాస్తాలు, కాబట్టి ఆ రికార్డులను చదివేవాళ్ళు యజమాని అవసరం కోసం రాసిన కాగితం నుంచి కూలీ బతుకును వెలికి తీయవలసి ఉంటుంది. పోలీసు ప్రెస్‌మీట్లకు రోజూ నాలుగు కెమెరాలు పంపగలిగే మన ఛానెళ్ళలో ఒక్కటి ఆ పని మీద ఇద్దరు పరిశోధకులను ఏడాదిపాటు పెట్టినా, కోరంగి నుంచి పోర్ట్ లూయిస్ దాకా ఒక సిరీస్ తయారవుతుంది.